లిమ్‌స్టాక్ నుంచి ఆబిడ్స్ దాకా: ఒక నవల ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్నది ఓ పాత పేపర్‌బ్యాక్. పేరు ‘ది మూవింగ్ ఫింగర్’, రచయిత్రి అగాథా క్రిస్టీ. ఒకే అచ్చులో తోబుట్టువులు బోలెడంతమంది కాబట్టి తనను తాను ‘ఈ ప్రతి’ అనే పిలుచుకుంటుంది.

నవల 1942లో అమెరికాలోనూ, 1943లో బ్రిటన్‌లోనూ పుస్తకంగా వచ్చింది. అవి యుద్ధం రోజులు. క్రిస్టీ లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ మందుల విభాగంలో పనిచేస్తూనే నవలలు రాసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సొంతూరు టార్కీ ఆసుపత్రిలో నేర్చుకున్న పని అది. విషాల గురించి ఆమె అంత ధీమాగా రాయగలగడం ఆ చలవే. ఇక పేరు, ఫిట్జ్‌జెరాల్డ్ ఇంగ్లీషు చేసిన ఉమర్ ఖయ్యాం రుబాయిల్లోది. ఆ ఖయ్యాంనే దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’తో తెలుగువాళ్లకు దగ్గర చేశారు.

అట్ట తిప్పితే లిమ్‌స్టాక్ ఊరు. ఓ డాక్టరు, ఓ లాయరు, ఓ చర్చి, అందరూ అందరికీ తెలిసిన ఓ పెద్ద వీధి. విమాన ప్రమాదంలో దెబ్బలు తిన్న జెర్రీ బర్టన్, కోలుకునేందుకు చెల్లెలు జోవానాతో కలిసి ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. కొత్తచోట కుదురుకోకముందే సంతకం లేని ఉత్తరం వస్తుంది. పుస్తకంలోంచి కత్తిరించిన అచ్చు అక్షరాలు వరసగా అంటించి ఉంటాయి. మీరు అన్నాచెల్లెళ్లు కాదని అందులో నీచమైన నింద. జెర్రీ దాన్ని మంటలో పడేస్తాడు. అలాంటివి ఊళ్లో ఇంకా చాలామందికి అందుతున్నాయని తర్వాత తెలుస్తుంది. లాయరు సిమింగ్టన్ భార్య చనిపోతుంది. కొన్నాళ్లకే ఆ ఇంటి పనిపిల్ల ఆగ్నెస్ హత్యకు గురవుతుంది.

కవర్ల మీది చిరునామాలు టైపు చేసినవి. ఆ మిషను లాయరు ఆఫీసు నుంచి మహిళా సంఘానికి చేరిన పాతది, ఊళ్లో ఎవరైనా వెళ్లి వాడుకోవచ్చు. పైగా టైపు చేసే తీరు పట్టుబడకుండా ఒంటివేలితో కొట్టారు. అంటే ఎవరినీ అనుమానితుల జాబితాలోంచి తీసేయడానికి వీల్లేదు. పొద్దున పలకరించిన మనిషిని సాయంత్రం అనుమానించాల్సి వస్తుంది. చిన్న ఊరి రహస్యంలోని రుచి ఇదేనని ఈ ప్రతి గట్టిగా నమ్ముతుంది.

అయినా పాఠకులు ఎక్కువసేపు ఆగేది మేగన్ దగ్గర.

లాయరు భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన పిల్ల ఈమె. ఇరవై ఏళ్లొచ్చినా ఇంట్లో ఆమెకంటూ చోటు లేదు. చిరుగుల మేజోళ్లతో తిరుగుతుంది. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లో అందరూ తిట్టుకునే గానెరిల్, రీగన్‌లే తనకు నచ్చారని కుండబద్దలు కొట్టినట్టు చెబుతుంది. జెర్రీకి ఆ మాటతీరు సరదాగా ఉంటుంది, తర్వాత ఆ పిల్ల మీద బెంగ పుడుతుంది, అది ప్రేమేనని తెలియడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఓ రోజు ఉన్నపళంగా ఆమెను రైలెక్కించి లండన్ తీసుకెళ్లి కొత్త బట్టలు కొనిపెడతాడు. పెళ్లివారింట్లో ఓ మూల నిలబడిపోయే పిల్ల మనకు తెలిసినదే, అందుకే మేగన్ పరాయిది అనిపించదు. క్రిస్టీ నేర్పు ఇక్కడే ఉంది. ఊరు మేగన్‌ను సరిగ్గా చూడలేదు, ఆగ్నెస్‌ను అంతకన్నా చూడలేదు. ఆగ్నెస్‌కు ఏదో అనుమానం తగిలింది, ఎవరికైనా చెప్పుకుందామనుకుంది, ఈలోపే అంతా అయిపోయింది. ప్రేమకథ, హత్యకథ రెండూ ఇలా ఒకే దారిన నడుస్తాయి.

క్రిస్టీ డిటెక్టివ్ మిస్ మార్పుల్ వచ్చేది చాలా ఆలస్యంగా, పాస్టరుగారి భార్య పిలిస్తే. అంతదాకా ఆరా తీసే పని పాఠకుడిదే. క్రిస్టీ తన ఆత్మకథలో, తనకు తృప్తినిచ్చిన డిటెక్టివ్ నవలల్లో దీన్నీ చేర్చుకున్నారు.

ఈ ప్రతి చేతులు మారి మారి హైదరాబాద్ చేరింది. ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, గైడు పుస్తకాల పక్కన దొరికింది. కొన్నావిడ పెన్సిల్ పట్టుకుని చదివే మనిషి. నాలుగో అధ్యాయం మార్జిన్‌లో తన అనుమానం ‘గవర్నెస్?’ అని రాసింది, ఇంకో పది పేజీలు దాటకముందే కొట్టేసింది, కింద ‘డాక్టరు చెల్లెలు’ అని చేర్చింది, దాన్నీ కొట్టేసింది. చివరి అధ్యాయం అయ్యాక వెనక్కెళ్లి జెర్రీ కునికిపాట్లలో కలవరించే ఘట్టం కింద రెండు గీతలు గీసింది. సమాధానం అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ ప్రతి ఆవిడ చెల్లెలి చేతిలో ఉంది. ఆర్టీసీ టికెట్టు సగం దాటిన పేజీలో గుర్తుగా ఉంది.

“అక్కా, నాకు లాయరాఫీసులో గుమస్తా మీద అనుమానంగా ఉందే.”

“మహిళా సంఘం టైపు మిషను సంగతి మళ్లీ చదువు.”

“సరే. మేగన్‌కి మాత్రం ఏమీ కాదు కదా? అదొక్కటీ చెప్పెయ్!”