బ్లైండంటే చూడకుండా ఆడేదే!

మొదటిసారి పోకర్ పోటీకి పోయేవాళ్లకు ఎవరో ఒకరు దారి చూపించాలి. మదనపల్లె టమోటా మండీలో లెక్కలు రాసుకునే నాకంటే ఆ పనికి తగినవాడు ఈ చుట్టుపక్కల లేడు. కారణం ఒకటే, నేను పోయొచ్చాను. పుంగనూరు బావ, కుప్పం మామ కూడా నా వెంట వచ్చారు గానీ వాళ్లను అడగొద్దు. బావ చెప్పేవన్నీ పిరికి మాటలు. మామ ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

అసలు ఈ ప్రయాణానికి మూలం మామే. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించినప్పుడు జిల్లాలో అందరూ ఫోన్లు మూసుకుని కూర్చున్నారు. మామ కూర్చోలా. కుప్పంలో ఉన్న సౌకర్యమే అది, ఒకపక్క పోతే తమిళనాడు, ఇంకోపక్క పోతే కర్ణాటక. బండేసుకుని తమిళనాడు హద్దు దాటి ఓ చింతచెట్టు కింద ఆడుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే వాళ్లూ ఆపేశారు. బండి కర్ణాటక వైపు తిరిగింది. 2021 అక్టోబరులో కర్ణాటక కూడా ఆపేసింది. అయితే అంతకు రెండు నెలల ముందే మద్రాసు హైకోర్టు తమిళనాడు చట్టాన్ని కొట్టేసింది గనక మామ మళ్లీ పాత చింతచెట్టు కిందికొచ్చాడు. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక చట్టాన్ని కూడా అక్కడి హైకోర్టు కొట్టేసింది. అప్పుడు ఏ చెట్టు నీడ బాగుంటే ఆ చెట్టు. పేపర్లో కోర్టు వార్తలు చదివి బండికి పెట్రోలు పోయించుకున్న మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. చివరికి 2025 ఆగస్టులో కేంద్రమే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. చెట్లు మిగిలాయి.

"ఇంక గోవానే అల్లుడూ," అన్నాడు.

గోవాలో, పణజి దగ్గర మాండవి నదిలో, కేసినో పడవలు నిలబడి ఉంటాయి. చట్టం ఒప్పుకున్న జూదం. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లనే లోపలికి రానిస్తారు, గోవా వాళ్లను మాత్రం 2020 నుంచి ఆడనివ్వడం లేదు. తమ వాళ్లను రానివ్వని చోటికి మనల్ని పిలుస్తున్నారంటే మన మీద ఎంత గౌరవమో చూడండి. కుప్పంలో రైలెక్కి బెంగళూరు, అక్కడి నుంచి రాత్రి బస్సు. లుంగీ పెట్టుకోకండి, బరువు దండగ.

ఇంట్లో చెప్పే పద్ధతి

జూదానికి పోతున్నామని చెప్పకూడదు. నైపుణ్యానికి పోతున్నామని చెప్పాలి. దీనికి సుప్రీంకోర్టు అండ ఉంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పడి రమ్మీ ఆడేవాళ్లను పట్టుకుంటే, ఆ కేసు ఢిల్లీ దాకా పోయింది. 1968లో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని. నేను ఇదంతా కంఠతా పెట్టి మా ఇంటామెకు ఒప్పజెప్పాను.

"అది రమ్మీ గురించి కదా," అంది. "అదే తీర్పులో మూడు ముక్కలాటను అదృష్టం ఆట కింద కట్టారంట. నీకొచ్చింది అదొక్కటే కదా?"

ఇలాంటి ప్రశ్నలకు సమాధానం చెబుతూ కూర్చుంటే రైలు పోతుంది. బయల్దేరాలి.

డబ్బు

ఎంట్రీ మూడు వేలు అని ఉంటే మూడు వేలే తీసుకుపోయేవాడు బతకడు. చిన్న పోటీల గొప్పతనం రీఎంట్రీ. చిప్పులన్నీ పోగొట్టుకుంటే ఇంటికి పొమ్మనరు, మళ్లీ మూడు వేలు కడితే మళ్లీ కొత్త చిప్పులు ఇచ్చి కూర్చోబెడతారు. మొదటి కొన్ని గంటల్లో ఎన్నిసార్లయినా. ఇంత దయగల ఏర్పాటు మన మండీలో కూడా లేదు అనుకున్నాను గానీ, ఆలోచిస్తే ఉంది. ధర లేక టమోటా రోడ్డు పక్కన పారబోసి పోయిన రైతు మళ్లీ నారు కొనుక్కుని నాటడూ? అదే ఇది.

కట్టే ప్రతి మూడు వేలలో కొంత బహుమతి సొమ్ములోకి పోతుంది, కొంత పడవవాళ్లు ఫీజు కింద ఉంచుకుంటారు. నాలుగుసార్లు కడితే నాలుగు ఫీజులు. మండీలో కమీషన్ ఎందుకు పట్టుకున్నావని రోజూ రైతుల చేత తిట్లు తినే నేను, ఇక్కడ ఒక్కమాట అడగలా. పెద్దచోట అడగకూడదు. నాలుగోసారికి కౌంటరులో అమ్మాయి నా ఆధార్ కార్డు కూడా చూడలేదు, పేరు పెట్టి పలకరించింది. ఆ మర్యాద ఒకటో ఎంట్రీలో రాదు.

గెలిచిన డబ్బు సంగతి కూడా మా ఇంటామె ఎక్కడో చదివింది. పదివేలు దాటి గెలిస్తే 30 శాతం పన్ను పట్టుకుని ఇస్తారట. పోగొట్టుకున్నది మాత్రం అందులోంచి తీసేసుకునే వీలు లేదట. ఈ భయం మీకు అక్కర్లేదు. నా పద్ధతిలో ఆడితే పన్ను దాకా రాదు.

నియమాలు నేర్చుకోవద్దు

పుంగనూరు బావ చేసిన తప్పు ఇదే. బయల్దేరే పది రోజుల ముందు నుంచి కాలేజీలో చదివే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాడు. ఏ చేయి ఏ చేతికంటే పెద్దదో పెళ్లిపత్రిక వెనక రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎన్ని పెళ్లిళ్ల విడిది ఇళ్లలో తెల్లవార్లూ కూర్చున్న మనిషి! నామోషీగా లేదూ?

నాకు అవసరం పడలేదు. పోగానే టేబుల్ దగ్గర అబ్బాయి "బ్లైండ్ సార్" అన్నాడు. బ్లైండంటే మనకు తెలియదా? ముక్కలు చూడకుండా ఆడటం. చూసి ఆడేవాడి కంటే సగం పెడితే చాలు, మూడు ముక్కలాటలో పిల్లాడిక్కూడా తెలిసిన సంగతి. నేను ముక్కలు చూడకుండానే చిప్పులు తోశాను. ఇంకోడు పెంచాడు. నేనూ చూడకుండానే తోశాను. టేబుల్ మొత్తం నన్నే చూసింది. వాళ్ల కళ్లలో భయం అనుకున్నాను. తర్వాత బావ చెప్పాడు, పోకర్‌లో బ్లైండంటే వరస ప్రకారం ఇద్దరు మనుషులు ముక్కలు పంచకముందే పెట్టాల్సిన పందెమట. దానికీ కళ్లు మూసుకోవడానికీ సంబంధం లేదట. అప్పటికి నా మొదటి మూడు వేలు పోయి ఇరవై నిమిషాలైంది.

రెండో ఎంట్రీలో చూసే ఆడాను. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, మీకు పనికొస్తుంది.

నా చేతిలో ఆఠీను తొమ్మిది, కళావరు ఎనిమిది. బోర్డు మీద ముందు మూడు ముక్కలు తెరిచారు: ఇస్పేటు ఏడు, డైమన్ పది, ఇస్పేటు రెండు. నాకు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది కనిపిస్తున్నాయి. నాలుగో ముక్క డైమన్ ఆరు. ఆరు నుంచి పది దాకా రన్ను పడింది! చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడొకడు తప్ప అందరూ పారేశారు. ఐదో ముక్క ఇస్పేటు రాజు. కుర్రాడు చిప్పులు ముందుకు నెట్టాడు. నేను ఉన్నవన్నీ రెండు చేతులా తోసి, "షో!" అని లేచి నిలబడ్డాను. ముక్కలు బోర్లా కాదు, వెల్లకిలా కొట్టాను టేబుల్ మీద. చేతులు చాపి చిప్పులు దగ్గరకు లాక్కోబోతుంటే పంచే అబ్బాయి నా మణికట్టు మీద మెల్లగా చేయి పెట్టాడు.

కుర్రాడు తన రెండు ముక్కలు తిప్పాడు. ఇస్పేటు ఆసు, ఇస్పేటు నాలుగు.

"కలరే కదా," అన్నాను. "నాది రన్ను."

ఎవరూ నవ్వలేదు. అది మాత్రం నన్ను బాధపెట్టింది.

ఆ రాత్రి బావ కూతురు ఫోన్లో లెక్క చెప్పింది. మూడు ముక్కలు పంచితే మొత్తం 22,100 రకాల చేతులు పడొచ్చట. అందులో మామూలు రన్నులు 720, మామూలు కలర్లు 1,096. తక్కువగా పడేది రన్ను గనక అక్కడ రన్నే పెద్దది. ఐదు ముక్కలకొస్తే ఇది తలకిందులవుతుంది. 25,98,960 చేతుల్లో రన్నులు 10,200, కలర్లు 5,108. కాబట్టి పోకర్‌లో కలరు పెద్దది. "అరుదుగా వచ్చేదానికి ధర ఎక్కువ మామా, మీ టమోటా లాగా," అంది.

టమోటా మాట నాకు చెబుతుందా! 2023 జూలైలో మా మండీలో కిలో నూరు దాటి రెండువందల దగ్గరకు పోయినప్పుడు ఆ వేలం పాటలన్నీ నేను నా చేత్తో రాసుకున్నాను. అయినా సరే, నా సలహా మారదు. రన్నే పెద్దదని నమ్మండి. తాతలనాటి నుంచి వచ్చిన దాన్ని ఒక లెక్క కోసం వదులుకోకూడదు.

మర్యాదల గురించి రెండు ముక్కలు. చిప్పులు కొన్ని పెట్టి, ఎదుటివాడి మొహం చూసి, ఇంకొన్ని పెట్టండి. మండీలో పాట అలాగే పెంచుతాం కదా. ఒప్పుకోరు, మొదట పెట్టినంతే లెక్క అంటారు, ఎంత పెంచేదీ ముందే నోటితో చెప్పాలంటారు. మీరు వాదించండి. మీ వంతు రాకముందే ముక్కలు పారేయండి, టైం కలిసొస్తుంది. ముక్కలు మీ బావకు చూపించి "ఏం బావా, ఉండమంటావా?" అని తెలుగులో అడగండి. నేను అడిగితే ఒకాయన సూటులో వచ్చి, ఆట నడుస్తుండగా ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడొద్దని రెండు భాషల్లోనూ చెప్పాడు. బావ తల దించుకుని నన్ను ఎరగనట్టు కూర్చున్నాడు. చుట్టరికం ఎక్కడ తేలుతుందో చూశారా.

ఓపిక పట్టేవాళ్లకు

కుప్పం మామది ఇంకో మార్గం. రెండు ఆసులు పడేదాకా ఆడనని ఒట్టు పెట్టుకున్నాడు. మంచి ఒట్టే. రెండు ఆసులు చేతికొస్తే ఎదుటి ఒక్క మనిషి మీద నూటికి ఎనభై అయిదుసార్లు గెలుస్తారు. ఎటొచ్చీ ఆ రెండూ సగటున 221 చేతులకు ఒకసారి పడతాయి. మనుషులు పంచి మనుషులు ఆడే టేబుల్ మీద గంటకు పాతిక, ముప్పై చేతులకు మించి సాగవు. లెక్కేసుకోండి, ఏడెనిమిది గంటలు. ఈలోపు ఇరవై నిమిషాలకోసారి బ్లైండ్లు పెరుగుతుంటాయి, వంతు వచ్చినప్పుడల్లా ఊరికే కూర్చున్నందుకు కట్టాలి. మామ చిప్పులు ఎండాకాలం గుంటలో నీళ్లలాగా తగ్గిపోయాయి. నాలుగో గంటలో మిగిలిన కాసిని చిప్పులు బ్లైండుకే సరిపోయాయి. అప్పుడు ఆయనకు పడినవి రెండూ మూడూ.

ఒక్క చేయి ఆడకుండా ఓడిపోయిన మనిషి. కుప్పం పరువు నిలిపాడు.

నేను మూడో ఎంట్రీలో మామకు పూర్తిగా ఎదురు నడిచాను. ప్రతి చేతికీ అన్నీ తోసెయ్యడం. ఇది రెండుసార్లు పనిచేసింది కూడా. మూడోసారి నాకే రెండు ఆసులు పడ్డాయి, మామ చూస్తుండగానే. ఆనందం పట్టలేక, ఎవరినీ తరిమెయ్యకూడదని చాలా కొంచెం పెట్టి టేబుల్‌లో ఉన్న ఎనిమిది మందినీ ఆటలోకి రానిచ్చాను. ఎనిమిది మంది మీద ఆ ఆసులు నూటికి ముప్పై అయిదుసార్లే గెలుస్తాయని బావ జేబులో పెళ్లిపత్రిక మీద రాసుంది. అది నా జేబులో లేదు. నాలుగో ఎంట్రీ గురించి రాయడానికి ఏమీ లేదు.

బావ సంగతి చెప్పకపోతే దాచాడంటారు. ఇలాంటి పోటీల్లో వందమంది దిగితే పది, పదిహేను మందికే ఎంతో కొంత వస్తుంది, మిగతావాళ్లు ఉత్తచేతులతో లేవాల్సిందే. బావ పదిలో ఎనిమిది చేతులు పారేసి, మధ్యమధ్య పత్రిక చూసుకుని, తన ముక్కలు తన అరచేతి కింద పెట్టుకుని, ఒక్కమాట మాట్లాడకుండా రాత్రి పదకొండు దాకా కూర్చుని పదకొండోవాడిగా లేచాడు. ఐదువేల ఐదువందలు చేతిలో పెట్టారు. కట్టింది మూడువేలు, ఒకేసారి. రైలు, బస్సు, గది, చేపల భోజనం కలిపితే అతనికీ నష్టమే. ఆ మాట నేను దారి పొడుగునా గుర్తుచేస్తూనే వచ్చాను. అతను కిటికీలోంచి చూస్తూ "అవును బావా," అంటూనే ఉన్నాడు గానీ, బంగారుపేట దాటాక ఎందుకో తనలో తనే నవ్వుకున్నాడు.

నేను మాత్రం ఉత్తచేతులతో రాలేదు. చివరి చేతికి ముందు ఎవరూ చూడకుండా ఒక చిప్పు జేబులో వేసుకున్నాను. దాని మీద 5,000 అని స్పష్టంగా ఉంది. మీరూ తప్పకుండా ఒకటి తెచ్చుకోండి. పోటీ చిప్పుల మీద రాసిన అంకె ఆటలో లెక్క కోసమే, బయట దానికి పైసా రాదని బావ కూతురు చెప్పింది, టేబుల్ మీది నుంచి తీయడం కూడా తప్పేనట. రాకపోతే పోయింది. మా ఇంటామె కుట్టుమిషను ఒక కాలు పొట్టి, మూడేళ్లుగా మడిచిన అట్టముక్క పెట్టి కుడుతోంది. ఆమె చిప్పును అటూ ఇటూ తిప్పి చూసి, వంగి దాని కింద దోపింది. సరిగ్గా సరిపోయింది.