పుణ్యానికి ఐఫోను

మా బాగేపల్లి పక్క ‘ఉచితం’ అనే మాట పుస్తకాల్లోనే ఉంటుంది. రూపాయి అడక్కుండా ఎవరైనా ఏదైనా ఇస్తే ‘పుణ్యానికిచ్చినాడు’ అంటాం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు కాబట్టి ఒక్కోసారి ‘పుక్సట్టె’ అని కూడా అంటాం. ఇన్ని పేర్లున్న ఆ వస్తువు మాత్రం నాకు ఏ భాషలోనూ దొరకలేదు. 2025 ఐపీఎల్ దాకా దొరుకుతుందనే ఆశ కూడా లేదు.

ఆ ఎండాకాలం మా అక్క కొడుకు చింతామణి నుంచి సెలవులకు వచ్చినాడు. మా బావ అక్కడ టమోటా పెడతాడు. 2023 జులైలో కోలారు మార్కెట్లో పదహైదు కిలోల బాక్సు రెండువేలు దాటినప్పుడు ఆయన తోటలో వంకాయ ఉండింది. అందుకని ఆ ఇంట్లో అదృష్టం మీద నమ్మకం పోలేదు, అది తమకు బాకీ పడిందని లెక్క. ఆ బాకీ వసూలుకు పిల్లోడు నా ఫోను ఎంచుకున్నాడు.

“మామా, ఫోన్ ఇట్లియ్యి. ఐఫోను పుణ్యానికిస్తా ఉండారు.”

“ఎవర్రా?”

“గేమింగ్ వాళ్లు.”

“ఏం, వాళ్లకు పోయేకాలమా?”

“గివ్‌అవే మామా! నీకు తెల్దులే.”

తెలియకేం? నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడే ఇది మా ఊరికొచ్చింది. ఏడుకొండలవాడి పేరుతో ఒక కార్డు వచ్చేది. ఇదే ఉత్తరం ఇరవై ఒక్కమందికి రాస్తే లాటరీ తగులుతుంది, చించి పారేస్తే ఇల్లు గుల్లవుతుంది. కార్డు పదహైదు పైసలు. మా నాయన జేబులోంచి మూడు రూపాయల పదహైదు పైసలు తీసి రాత్రంతా రాసినాను. లాటరీ తగల్లేదు, నాయన చెయ్యి తగిలింది.

ఇప్పుడు ఇరవై ఒక్కమంది అక్కర్లేదు, ముగ్గురు చాలట. పేజీని ఫాలో కావాలి, బొమ్మ కింద లైకు కొట్టి ‘డన్’ అని రాయాలి, ముగ్గురు స్నేహితుల్ని ట్యాగ్ చేయాలి, స్టేటస్‌లో పెట్టాలి, ఆప్ దించుకోవాలి. ఆ ముగ్గురినీ వాడే ఏరినాడు. నేను పనిచేసిన బడి హెడ్‌మాస్టరు ఒకరు, నా పంట రుణం చూసే బ్యాంకాయన ఒకరు, మూడో మనిషి చిక్కబళ్ళాపురంలో ఉండే మా వియ్యంకుడు.

తెల్లారకముందే వియ్యంకుడి ఫోను. “ఏం బావగారూ, పిల్లనిచ్చినారు, సంతోషం. ఇప్పుడు పేకాటకు పిలుస్తా ఉండారేమి?” బ్యాంకాయన ఫోను చేయలేదు, నోటీసు పంపినాడు. అది ముందే పంపాల్సిందని తర్వాత తెలిసింది గానీ, ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

గివ్‌అవే ఆఖరి రోజు లేపాక్షిలో పెళ్లి. కొడికొండ చెక్‌పోస్టు దాటగానే ఆప్ తెరిస్తే, మీ రాష్ట్రంలో మా ఆటలకు అనుమతి లేదని వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించినాయి. కర్ణాటక కూడా 2021 అక్టోబరులో నిషేధించింది గానీ, 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఆ విధంగా చెక్‌పోస్టుకు అవతల నేను నిషిద్ధుణ్ణి, ఇవతల అర్హుణ్ణి. “మామా, రాత్రి తొమ్మిదిలోపల వచ్చెయ్” అని పిల్లోడు ఫోన్లో ఒకటే గోల. భోజనం వదిలేసి, చేతిలో అక్షింతలు చేతిలోనే ఉండగా, ఐఫోను కోసం రాష్ట్రం దాటి వచ్చినాను. దాటిన చోటే, రోడ్డు పక్కన లారీల మధ్య నిలబడి బటను నొక్కినాను.

గెలిచినాను! ఐఫోను కాదు, వంద రూపాయల బోనస్. అది తీసుకోవడానికి లేదు, ఆడడానికే. ఆటకు కట్టే రుసుములో పదిశాతం మాత్రమే బోనస్ నుంచి పోతుంది. అంటే యాభై రూపాయల ఆటకు అయిదు వాళ్లవి, నలభై అయిదు నావి. ఆ పుణ్యపు వంద ఖర్చుకావాలంటే నా తొమ్మిది వందలు కదలాలి. లెక్కల మాస్టరుగా ముప్పయ్యేళ్లు చేసినవాణ్ణి కాబట్టి ఆ వందను ముట్టలేదు. వారానికి ఇంకెవరో ఫోను చేసి, ఐఫోను వచ్చింది, ముందు పన్ను కట్టండి అన్నాడు. పన్నుకు సరిపడా టమోటాలు పంపుతానంటే పెట్టేసినాడు.

అప్పటికే హైదరాబాదులో గాలి మారింది. మన హుబ్బళ్ళి మనిషే అయిన పోలీసు అధికారి సజ్జనార్, అక్కడి ఆర్టీసీ బస్సులు చూసుకుంటూనే బెట్టింగ్ ఆప్‌ల వెంట పడినారు. మార్చిలో పంజాగుట్ట పోలీసులు ఆ ఆప్‌లకు ప్రచారం చేసినవాళ్ల మీద కేసులు పెట్టినారు. ఆ వార్తలు నేను ఆప్ దించుకోకముందే చదివినాను. చదివీ దించుకున్నాను, ఐఫోను అలాంటిది.

ఆర్‌సీబీ కప్పు గెలిచింది, నేను గెలవలేదు. జులై 2న నందికొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం మా బాగేపల్లి పేరును భాగ్యనగరంగా మార్చాలని తీర్మానించింది. అక్క ఊరేమో చింతామణి, అడిగినవన్నీ ఇచ్చే రత్నం. వియ్యంకుడి ఊరి పేరులో ‘బళ్ళ’ అంటే గింజలు కొలిచే కొలత, దానికి ముందు ‘చిక్క’ అంటే చిన్నది. మూడు ఊళ్లలోనూ నిజం చెప్పే పేరు ఆయనదే. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో కేంద్ర చట్టం వచ్చింది. డబ్బు ఆటలు నడపకూడదు. వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని రాసినారు.

ఆట ఆగింది, పేజీ ఆగలేదు. ఒకరోజు చూస్తే అదే పేజీ పేరు మార్చుకుని, జుట్టు ఒత్తుగా పెరిగే నూనె అమ్ముతా ఉంది. ఫాలో అయినవాళ్లమంతా అట్లే ఉన్నాం. నేనున్నాను, హెడ్‌మాస్టరున్నారు, బ్యాంకాయనా ఉన్నాడు. నన్ను తిట్టడానికి లోపలికొచ్చి బయటికి దోవ తెలియక మా వియ్యంకుడూ ఉండిపోయినాడు.

బావగారూ, మీకు నెత్తిన వెంట్రుక లేదని తెలిసే ఆ నూనె మీకు రోజూ చూపిస్తా ఉండానని మీరు అమ్మాయితో అన్నారట. అది నేను పంపేది కాదు. పేజీ పేరు పక్కన ‘ఫాలోయింగ్’ అని ఉంటుంది, దాన్ని ఒకసారి నొక్కి, ‘అన్‌ఫాలో’ కొట్టండి. దీపావళికి పిల్లల్ని పంపండి.