కత్తి కట్టని పందెం

టీవీ నటుడో, ఫోన్‌లో వీడియోలతో పేరు తెచ్చుకున్నవాడో గ్లవ్స్ తొడుక్కుని అసలు సిసలు బాక్సింగ్ ఛాంపియన్‌తో తలపడితే నిర్వాహకులు దాన్ని ఎగ్జిబిషన్ మ్యాచ్ అంటారు. కోనసీమలో ఆలమూరు వైపు దీనికి కొత్త మాట వెతుక్కోనక్కర్లేదు. కాలికి కత్తి కట్టకుండా పుంజుల్ని బరిలోకి వదిలితే అది డింకీ పందెం. ఈకలు రాలతాయి, ఈలలు మోగుతాయి, సాయంత్రానికి రెండు పుంజులూ గంప కిందికి చేరతాయి. (కత్తి కట్టినా కట్టకున్నా చట్టం ఒప్పదు. అయితే సంక్రాంతి మూడు రోజులూ చట్టానికి కూడా సెలవే.) 2021 జూన్ 6న మయామీలో మాజీ బాక్సింగ్ ఛాంపియన్ ఫ్లాయిడ్ మేవెదర్, యూట్యూబర్ లోగన్ పాల్ ఎనిమిది రౌండ్లు గుద్దుకున్నాక జరిగింది కూడా డింకీ పందెంలో జరిగేదే. గెలిచిందెవరో ఎవరూ ప్రకటించలేదు.

రౌండుకీ రౌండుకీ మధ్య బాక్సర్ ముఖాన నీళ్లు కొట్టే మనిషి బరిలోనూ ఉంటాడు. పుంజును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నోటినిండా నీళ్లు పట్టి దాని ముఖాన తుంపర్లుగా చిమ్మి, మెడ నిమిరి మళ్లీ వదులుతాడు. తేడా అంతా జత కుదర్చడంలోనే. కోనసీమలో పుంజు పక్కన పుంజును నిలబెట్టి ఎత్తు చూస్తారు, చేత్తో లేపి బరువు చూస్తారు, డేగా కాకా నెమలా అని రంగు చూసి, కుక్కుట శాస్త్రం తీసి ఆ పూట గెలుపు ఏ రంగుదో లెక్క కడతారు. ఎగ్జిబిషన్‌లో చూసేది ఫాలోవర్ల లెక్క ఒక్కటే. దాని పక్కన పెడితే కుక్కుట శాస్త్రం సైన్సు కిందే లెక్క.

లోగన్ తమ్ముడు జేక్ పాల్ డిస్నీ ఛానెల్ సిరీస్‌లో నటించినవాడు. 2024 నవంబరు 15న టెక్సస్‌లో మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ మైక్ టైసన్ మీదికి దిగాడు. జేక్‌కు 27 ఏళ్లు, టైసన్‌కు 58. కాగితం మీద అది అసలు పోటీయే గానీ రౌండుకు రెండు నిమిషాలే, గ్లవ్స్ మామూలు కంటే మందం. ముందు రోజు బరువు తూచే వేదిక మీద, కాలు తొక్కాడని టైసన్ జేక్ చెంప ఛెళ్లుమనిపించాడు. ఆ రెండు రోజుల్లో చెప్పుకోదగ్గ దెబ్బ అదొక్కటే. మర్నాడు టైసన్ విసిరిన గుద్దులు 97, తగిలినవి 18. చివర్లో జేక్ వంగి పెద్దాయనకు దణ్ణం పెట్టాడు.

తరవాత 2025 నవంబరు 14కి గెర్వాంటా డేవిస్‌తో ఎగ్జిబిషన్ ఖాయం చేశారు. డేవిస్ అప్పటికి 61 కిలోల విభాగంలో ఛాంపియన్, జేక్ ఆడేది 90 కిలోల విభాగంలో. ఆలమూరులో ఇలాంటి జత తెస్తే బరి గట్టు కూడా ఎక్కనివ్వరు. డేవిస్ మీద కోర్టులో దావా పడి ఆ పోటీ రద్దయింది. పోస్టర్లు అప్పటికే వచ్చేశాయి కాబట్టి, ఎగ్జిబిషన్‌లో ముఖ్యభాగం జరిగినట్టే. డిసెంబరు 19న డేవిస్ స్థానంలో మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ ఆంథోనీ జాషువా వచ్చాడు, కత్తి కట్టుకునే వచ్చాడు. ఆరో రౌండులో జేక్ పడిపోయాడు, దవడ విరిగింది.

తెలుగు నటులకు ఈ అవస్థ లేదు. 2022 ఏప్రిల్‌లో 'గని' కోసం వరుణ్ తేజ్ బాక్సర్ అయ్యాడు. ఆగస్టులో 'లైగర్' క్లైమాక్స్‌లో విజయ్ దేవరకొండ సాక్షాత్తూ టైసన్‌నే చితక్కొట్టాడు. ఆ ఇద్దరినీ టికెట్ కౌంటర్ చితక్కొట్టింది. ఈ రెండు సినిమాల మధ్య, మే 19న, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె మీదికి సీరియల్ హీరోను దింపుతామని ఇంతవరకూ ఏ ఛానెలూ ప్రకటించలేదు. సీరియల్లో ఒక్క చెంపదెబ్బ మూడు వైపుల నుంచి మూడుసార్లు పడుతుంది, ఆ తర్వాత ఇంటిల్లిపాది ముఖాలూ వరసగా చూపించాలి. ఆ లెక్కన మూడు నిమిషాల రౌండు వారం పడుతుంది. నిఖత్ ప్రకటనల విరామం దాకా కూడా ఆగే రకం కాదు.