మావయ్య స్టార్టప్ కాదట!

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి దిగాడు. బ్యాగులో రెండు జతల బట్టలు, ల్యాప్‌టాప్‌లో 12 స్లైడులు. పలాస జీడిపప్పు వ్యాపారాన్ని సమూలంగా మార్చేస్తాడట. యాప్ ఇంకా రాలేదు గానీ విజిటింగ్ కార్డు వచ్చేసింది: ఫౌండర్ అండ్ సీఈఓ.

కాశీబుగ్గలో మా అన్నయ్యకు చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. 30 ఏళ్లుగా 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు కొని, ఉడకబెట్టించి, కొట్టించి, గుండు వేరు, బద్ద వేరు చేయించి అమ్ముకుంటున్నాడు.

“పెద్ద మావయ్యా, మీది స్టార్టప్ కాదు” అని కుర్రాడు జాలిపడ్డాడు.

నిజమే. 2016 జనవరి 16న మొదలైన స్టార్టప్ ఇండియా లెక్కలో, మామూలుగా పదేళ్లు దాటిన సంస్థకు ఆ పేరు చెల్లదు. బతికి బట్టకట్టడమే అనర్హత! అర్హత సర్టిఫికెట్టు దక్కితే ఆ పదేళ్లలో మూడేళ్లు లాభం మీద ఆదాయపు పన్ను ఉండదు. మావాడికి ఆ సర్టిఫికెట్టుతో పనిలేదు. లాభం రాకుండా తనే చూసుకుంటున్నాడు.

రెండో స్లైడు ‘సమస్య’. పిక్క కొట్టే ఆడవాళ్ల ఫొటో. జీడిరసం తగిలి వేళ్లు నల్లగా కమిలిపోయాయి. మూడో స్లైడు ‘పరిష్కారం’. అందులో ఆ చేతులు లేవు, డెలివరీ కుర్రాడి నవ్వుంది.

“డబ్బెవుల్దిరా అల్లుడా?”

“ఇన్వెస్టర్లది మావయ్యా. పోతే ఒక పాఠం.”

“మాది పోతే మీ అత్త పుస్తెలతాడు ఎల్లిపోద్దిరా.”

పోవడం మాకు కొత్తేం కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ రైతుల్ని వేదికెక్కించి ‘వైఫల్యం నుంచి ఏం నేర్చుకున్నారు?’ అని ఎవరూ అడగలేదు. అప్పిచ్చినవాళ్లు మాత్రం అడిగారు, వాయిదా ఎప్పుడని.

“జీఎంఆర్‌ని చూడండి!” అన్నాడు కుర్రాడు. చూశాం. గ్రంధి మల్లికార్జునరావుగారు 1978లో రాజాంలో జ్యూట్ మిల్లుతో మొదలుపెట్టారు. భోగాపురం విమానాశ్రయం ఇప్పుడు ఆ సంస్థ చేతిలోనే ఉంది. దానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం రాయి రెండోసారి వేస్తే అభివృద్ధి. అన్నయ్య నోటు రెండోసారి తిరగరాస్తే దివాలా.

2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. ఇంటికో పారిశ్రామికవేత్త రావాలన్నది నినాదం. దానికి ఐదు ఊళ్లలో శాఖలు. మాకు దగ్గరిది విశాఖ. శ్రీకాకుళం వాడికి ఆలోచన తట్టినా రైలెక్కాల్సిందే.

ఆఖరి స్లైడు ‘ఎగ్జిట్ ప్లాన్’. అంటే ఏటని అన్నయ్య అడిగాడు. సమయం చూసుకుని బయటపడే దారి అన్నాడు కుర్రాడు.

“దానికి బొమ్మలెందుకురా! మనూర్లో ఇంటింటికీ ఉన్నాది గదేటి. రాత్రి బండి.”

కనుమ మర్నాడు ఫౌండర్‌గారూ ఆ బండే ఎక్కారు. అన్నయ్య ప్లాట్‌ఫారం మీద కిలో గుండు పొట్లం చేతిలో పెట్టాడు. ఆ కంపెనీకి ఇంతవరకూ అందిన సీడ్ ఫండింగ్ అదొక్కటే.