రాజు తోటలో ఒక గోడ: ఆత్మకథ

ఫ్రాన్సులోని వెర్సాయ్ నగరంలో, రాజప్రాసాదానికి కొద్ది దూరంలో, పొటజే దు ర్వా అనే పేరుతో, అంటే రాజుగారి కాయగూరల తోట అనే పేరుతో, సుమారు 9 హెక్టార్ల తోట ఉంది. దాని నడుమనున్న 3 హెక్టార్ల పెద్ద చదరాన్ని ఆనుకొని దక్షిణాభిముఖంగా నిలిచిన రాతిగోడ తన చరిత్రను ఇక్కడ తానే చెప్పుకుంటున్నది. శాసనాలలో దాతలు తమను తాము ప్రథమపురుషలో పేర్కొన్నట్లే, గోడ కూడా తనను "ఈ గోడ" అనే వ్యవహరిస్తుంది. మూడు శతాబ్దాలకు పైగా ఇతరుల పేర్లే వింటూ వచ్చినదానికి ఉత్తమపురుష అలవాటు కాకపోవడంలో వింత లేదు.

దీని పుట్టుక గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉంది. 14వ లూయీ ఆజ్ఞపై 1678 నుంచి 1683 వరకు ఈ తోట నిర్మాణం సాగింది. స్థలం మాత్రం దుర్వాసన కొట్టే చిత్తడినేల కావడంతో, సమీపంలో చెరువు తవ్వగా వచ్చిన మట్టిని తెచ్చి పూడ్చవలసి వచ్చింది. గోడలకు, ఎత్తైన నడకదారులకు రూపమిచ్చినవాడు వాస్తుశిల్పి జూల్ ఆర్దువాఁ మాన్సార్, తోటకు ప్రాణం పోసినవాడు జాఁ బాతిస్త్ ద లా కెంతినీ. న్యాయవాద వృత్తి వదిలి తోటపనికి వచ్చిన ఈ రెండవ వ్యక్తి, తనకు అప్పగించిన నేల ఎంత పనికిమాలినదో తన గ్రంథంలో దాపరికం లేకుండా రాశాడు; ఆ గ్రంథం ఆయన మరణించిన రెండేళ్ళకు, 1690లో, వెలువడింది. ఖర్చులో పెద్ద భాగం తాపీపనికే పోయిందన్న సంగతిని ఈ గోడ నేటికీ కొంత గర్వంతోనే తలచుకుంటుంది.

గోడ చేసిన పని ఏమిటో తెలియాలంటే ఎస్పాలియే పద్ధతిని ముందుగా వివరించాలి. పండ్లచెట్టును స్వేచ్ఛగా ఎదగనీయకుండా, దాని కొమ్మలను గోడకు సమాంతరంగా వంచి కట్టి, ఏటేటా కత్తిరిస్తూ, అరచేయి వేళ్ళు విప్పినట్లు ఒకే తలంలో పరచుకొనేలా పెంచడాన్ని ఎస్పాలియే అంటారు. పగలంతా ఎండకు కాగిన రాయి, రాత్రివేళ ఆ వేడిని మెల్లగా విడుస్తుంది కనుక, వసంతంలో ఆలస్యంగా పడే మంచు పూతను కాల్చివేయకుండా గోడ కొంతవరకు కాపాడుతుంది, గాలినీ అడ్డుకుంటుంది. దక్షిణం చూసే గోడపై పండు ముందుగా పక్వానికి వస్తే, ఉత్తరం చూసే గోడపై ఆలస్యంగా వస్తుంది, కాబట్టి దిక్కులను సరిగా వాడుకొన్నవాడు ఒకే జాతి పండును ఎక్కువ రోజులపాటు బల్లమీదికి పంపగలడు. లా కెంతినీ అమితంగా ఇష్టపడిన బోఁ క్రెతియాఁ అనే శీతకాలపు బేరిపండు గోడల అండనే ఎదిగింది. రాచశాలల నుంచి వచ్చే గుర్రపు లద్దె వేడి, గాజు మూతలు తోడై, మార్చి చివర స్ట్రాబెర్రీలు, జూన్‌లో అంజూరాలు, డిసెంబరులో ఆస్పరాగస్ రాజుకు అందాయి. ఇందుకు మెచ్చి రాజు 1687లో లా కెంతినీకి కులీన హోదా ఇచ్చాడు. గోడకు దక్కినవి మేకుల రంధ్రాలు మాత్రమే.

రాజరికం కూలిన విప్లవకాలంలో తోటను ముక్కలుగా కౌలుకివ్వడంతో, పండును అమ్ముకొనేవాడు గోడను పట్టించుకోని రోజులు వచ్చాయి. గోడకు మళ్ళీ గౌరవం దక్కినది 1873 డిసెంబరులో చేసిన చట్టం ద్వారా జాతీయ ఉద్యానశాస్త్ర పాఠశాల ఏర్పడి, ఆ మరుసటి ఏడాది ఇక్కడే తలుపులు తెరిచినప్పుడు. తొలి అధిపతి ఓగ్యుస్త్ ఆర్దీ పండ్లచెట్ల కత్తిరింపులో ఆరితేరినవాడు. ఆ కాలపు విద్యార్థి కత్తెర పట్టి గోడ ముందు నిలబడి, ఏ మొగ్గ దగ్గర కోస్తే మూడేళ్ళ తరువాత కొమ్మ ఎటు తిరుగుతుందో ఊహించవలసి వచ్చేది. తోటల రూపకల్పన కూడా అక్కడే పాఠ్యాంశమైంది. ఉద్యాన రూపశిల్పి ఎదువార్ ఆంద్రె 1892 నుంచి దానిని బోధించాడు. గోడ తన జీవితంలో మిక్కిలి ఇష్టంగా చెప్పుకొనే కాలం ఇదే, రాజు కాలం కాదు. రాజుకు పండు కావలసి వచ్చింది, విద్యార్థికి గోడే కావలసి వచ్చింది.

తరువాతి మార్పు నెమ్మదిగా వచ్చింది. 1945లో భూదృశ్య కళకు, అంటే తోట హద్దులు దాటి ఊరినీ నదీతీరాన్నీ రహదారినీ కూడా తీర్చిదిద్దే విద్యకు, ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1976లో అది జాతీయ భూదృశ్య పాఠశాలగా వేరుపడింది. ఉద్యానశాస్త్ర పాఠశాల 1995లో ఆంజే నగరానికి తరలిపోయింది. ఇక్కడ బోధించిన మిషెల్ కొరాజూ, ఇక్కడే చదివి ఇక్కడే బోధించిన జిల్ క్లెమాఁ ప్రపంచఖ్యాతి పొందారు. మొక్కను తన ఇష్టానికి తిరగనిచ్చి, తోటమాలి దాని వెంట నడవాలన్నది క్లెమాఁ "కదిలే తోట" భావన. కొమ్మను వంచి మేకుకు కట్టడమే వృత్తిగా బతికిన గోడ ఆ పాఠాన్ని ఏ ముఖంతో విన్నదో చెప్పనవసరం లేదు. అయినా చారిత్రక తోటలో చదవడం వలన కలిగే లాభాన్ని గోడ కాదనదు: కాగితం మీద ఒక గీతగా కనిపించే గోడకు నీడ ఉంటుందని, వేడి ఉంటుందని, వాననీరు పోవడానికి దారి కావాలని, కట్టినవాడి తరువాత పది తరాల జీతగాళ్ళు కావాలని విద్యార్థికి ఇక్కడ వివరించి చెప్పనక్కరలేదు.

గోడ ఫిర్యాదు జీతగాళ్ళ దగ్గరే మొదలవుతుంది. ఇటువంటి పాత గోడల తలకట్టు, అంటే పైనుంచి వాననీటిని పక్కకు నెట్టే కప్పు, ఒకచోట పగిలి, సరిచేసే జీతగాడు లేకపోతే, నీరు లోపలికి దిగి, చలికి గడ్డకట్టి వ్యాకోచించి, సున్నపు గచ్చును పొరలుగా ఊడదీస్తుంది. ఆ చోట సున్నానికి బదులు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక రాతినే తినివేస్తుంది. తోటకు 1926లో చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది, 2018లో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల వరల్డ్ మాన్యుమెంట్స్ వాచ్ జాబితాలోనూ పేరు చేరింది. జాబితాలు పెరుగుతున్నంత వేగంగా గచ్చు పెరగలేదు.

మరమ్మతులో చిక్కు కూడా లేకపోలేదు. గోడకు కొత్త పూత వేయాలంటే దానికి కట్టి ఉన్న చెట్టును విప్పాలి, ముసలి కొమ్మలు వంగవు కనుక చాలాసార్లు కొట్టివేయాలి, అటువంటి చెట్టును మళ్ళీ తీర్చిదిద్దడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. కొట్టడానికి మనసొప్పక ఆగితే గోడ ఉబ్బి, చెట్టుతో సహా కూలుతుంది. ఇందులో గోడ పక్షపాతం దాచుకోదు: బేరిచెట్టు అంటు ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది, సున్నపు పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, కనుక చెట్టునే ముందుగా విప్పాలన్నది దాని వాదన.