పావుగంట

తిరువూరులో మామిడి పూత మీద ఉన్న రోజులు. తోటకి మందు కొట్టించడానికి బయల్దేరిన మా ఎదురింటి పిన్ని, ఫోన్ మోగేసరికి మళ్లీ అరుగు మీద కూర్చుంది. డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు. మనకి శనివారం పొద్దున, వాళ్లకి శుక్రవారం రాత్రి. పిన్ని తమ్ముడు పక్కనే కాఫీ తాగుతున్నాడు. మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి.

"ఆదివారం ఇద్దరు ఫ్రెండ్స్‌తో కొండల్లోకి స్కీయింగ్‌కి వెళ్తున్నానమ్మా. రిసార్ట్‌లోకి కాదు, జనం తిరగని చోటికి" అన్నాడు కుర్రాడు.

హవల్దారు గ్లాసు కింద పెట్టాడు. "మంచెలా ఉందిరా అల్లుడూ?"

చలి గురించి అడగని ఆ ప్రశ్నకి కుర్రాడు ముచ్చటపడ్డాడు. చదువుకున్నదంతా చెప్పాడు. నవంబరులో పడిన పల్చటి మంచు, ఆకాశం తేటగా ఉండే చలి రాత్రుల్లో పంచదార పలుకుల్లా విడివిడిగా మారిపోయి అడుగున ఉండిపోయింది. దాని మీద ఈ వారం కొత్త మంచు పడింది. గాలి దాన్ని ఎత్తుకొచ్చి కొండకి అవతలి వైపు మేట వేసింది. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోట, అడుగు పొర కూలితే పైదంతా ఒక్క పలకగా జారుతుంది. రోజూ ప్రమాద సూచిక ఇస్తారు, అయిదు మెట్లు. ఇవాళ మూడు.

"అయిదుకి మూడేగా మావయ్యా!"

"నాలుగూ అయిదూ అంటే భయపడి చాలామంది ఇంట్లో ఉంటారు. ఎక్కువమంది పోయేది ఆ మూడు ఉన్న రోజునేరా. చరియ దానంతటది వచ్చి మీద పడేది తక్కువ. చాలాసార్లు దాన్ని తెంపేది పోయినవాడి కాలో, వాడి పక్కవాడి కాలో."

మన ఇళ్లలో మంచు చరియ అంటే 2016 గుర్తొస్తుంది. ఆ ఏడు ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19 వేల అడుగులకి పైనున్న సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి 19వ మద్రాస్ బెటాలియన్ వాళ్లు పదిమంది కూరుకుపోయారు. అందులో మనవాడు, అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకి చెందిన ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. కుక్కలతో వెతికారు, యంత్రాలతో కోశారు. కర్ణాటక జవాను హనుమంతప్ప కొప్పద్ ఆరో రోజున ప్రాణాలతో దొరికితే దేశమంతా దేవుళ్లకి మొక్కింది. 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయనా పోయాడు. ఆ వారం రోజులు హవల్దారు టీవీ ముందు నుంచి లేవలేదు. తనూ ఆ హిమానీనదం మీద కాపలా కాసి వచ్చినవాడే. అక్కడి సంగతులు ఎంత అడిగినా చెప్పడు.

ఆ పొద్దున మాత్రం చెప్పాడు. "ఆరు రోజులు బతకడం దైవఘటనరా. మామూలు మనిషికి లెక్క పావుగంటే. ఆలోపు తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటిందా, ముగ్గురిలో ఒక్కడు మిగిలితే గొప్ప. జారేటప్పుడు మెత్తగానే ఉంటుంది, ఆగిన క్షణంలో బిగిసిపోతుంది. లోపలున్నవాడు వేలు కదపలేడు, పైనున్నవాడు చేతుల్తో తవ్వలేడు. హెలికాప్టరు వచ్చేసరికి పావుగంట ఎప్పుడో అయిపోతుంది. నీ పక్కనున్నవాళ్లే నీకు దిక్కు."

"అందుకే బీకన్ కొన్నా మావయ్యా" అని గుండెకి కట్టుకునే చిన్న పరికరం చూపించాడు కుర్రాడు. అది ఎప్పుడూ రేడియో సంకేతం పంపుతూ ఉంటుంది. చరియ పడగానే పైనున్నవాళ్లు తమ బీకన్లని వినే పద్ధతికి మార్చుకుంటే, కూరుకుపోయినవాడు ఎటు ఉన్నాడో, ఎన్ని మీటర్ల దూరమో తెర మీద కనిపిస్తుంది. పిన్ని ప్రాణం కుదుటపడింది. "డబ్బులు పోతే పోయాయి, మంచిపని చేశావు నాన్నా" అంది.

"మిగతా ఇద్దరికీ ఉన్నాయా?" అన్నాడు హవల్దారు.

"లేవు మావయ్యా. ఒకడింకా చదువుకుంటున్నాడు, అంత పెట్టలేడు..."

"నీది కూస్తూనే ఉంటుంది. వాళ్లు దేంతో వింటారు?"

కుర్రాడు మారు మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ ఫోను. ఈసారి ముగ్గురూ తెర మీద ఉన్నారు, ముగ్గురి గుండెల మీదా బీకన్లు. రెండు అద్దెకి తెచ్చారట. ఒకదాన్ని మంచులో పాతిపెట్టి, వెతికి తీయడం సాయంత్రమంతా సాధన చేశారట. దారి కూడా మార్చుకున్నారు. 30 డిగ్రీలు దాటని వాలు మీదే తిరుగుతారు. ఒక్కచోట మాత్రం నిట్రమైన వాలు కింద నుంచి దాటాలి. అక్కడ ఒక్కొక్కరే వెళ్తారు, మిగతా ఇద్దరూ దూరంగా నిలబడి చూస్తూ ఉంటారు.

హవల్దారు మొహం విప్పారింది. "ముందెవరు దాటుతారు?"

"నేనే మావయ్యా. వాళ్లు కొత్త."

"గుచ్చి చూసే కడ్డీ, పారా ఉన్నాయా?"

"ఉన్నాయి."

పిన్నికి బీకన్లూ డిగ్రీలూ తెలియవు. మామిడి చెట్లకి పాదులు తవ్వించిన మనిషి, పార సంగతి తెలుసు. ఫోన్ దగ్గరికి లాక్కుంది. "ఎన్ని పారలురా?"

"ఒకటే అమ్మా. మడత పెట్టుకునేది, మంచి రకం. పాపం వాళ్లకి బరువెందుకని నా సంచిలోనే పెట్టుకున్నా."

"మరి నువ్వు మంచు కిందుంటే, పార ఇమ్మని వాళ్లు నిన్నే అడగాలా నాన్నా?"