ఎనిమిది కంపనముల మోక్షము

నిద్ర రానివారికిని, కీళ్లనొప్పులవారికిని, అప్పులవాళ్ల పోరు పడలేనివారికిని, ఆలుమగల కలహములతో విసిగినవారికిని సమానముగా పనిచేయు మందొకటి యూట్యూబులో ఉచితముగా పంచిపెట్టబడుచున్నది. దానిని మ్రింగనక్కరలేదు, పూయనక్కరలేదు. చెవులలో ఇయర్‌ఫోనులు దూర్చుకొని పరుండిన చాలును. పద్మాసనమున గూర్చున్న నీలవర్ణపు మనుష్యాకృతి, దాని వెన్నెముక పొడవున ఏడు రంగుల దీపములు, వెనుక మెల్లగా తిరుగు గ్రహములు, పైన బంగారు రంగున '432 హెర్ట్జు' అను అక్షరములు: ఇంతియే సరంజామా. ఎనిమిది గంటలసేపు ఒకే నాదము బొంయిమని మ్రోగుచుండును.

ఈ మతమునకొక శాస్త్రమును కలదు. పాశ్చాత్యసంగీతమున 'ఏ' అను స్వరము సెకండునకు 440 కంపనములు పలుకునట్లు వాద్యములను శ్రుతిచేయుట నేటి లోకమర్యాద. అది అసహజమనియు, కోపతాపములకును మనోవ్యాధులకును అదియే మూలమనియు, విశ్వమంతయు 432 కంపనములతో తనలో తాను పాడుకొనుచున్నదనియు, ఆ రహస్యమెరిగిన ప్రాచీనుల విద్యను హిట్లరు మంత్రి గోబెల్సు భగ్నముచేసి, మానవజాతిని రెచ్చగొట్టుటకై 1939లో 440ని మన నెత్తిన రుద్దెననియు ఆ మతస్థులు చెప్పుదురు. కనుక ఎనిమిది కంపనములు దిగిన శాంతి, దిగకున్న అశాంతి. ఎనిమిదనగా ఎంత? హార్మనీ మీద ప్రక్కప్రక్కనున్న రెండు మెట్ల నడిమి దూరములో మూడవవంతునకు కొంచెము తక్కువ. పెండ్లిపందిట సన్నాయి అంతకంటె ఎక్కువగా జారినను మనవారు లేచి భోజనముల బంతికి పోవుదురే కాని మతి చలించినదని గోలపెట్టరు.

గోబెల్సు దుర్మార్గుడనుటలో విప్రతిపత్తి లేదు. ఆయన ఖాతాలో నిజమైన పాపములే చాలినన్ని యున్నవి, క్రొత్తవి కల్పింపనక్కరలేదు. 440ని ప్రతిపాదించినవాడు షైబ్లరను జర్మను పట్టుబట్టల కార్ఖానాదారుడు. శ్రుతిదండములను వరుసగా పేర్చి కంపనములను లెక్కించు నేర్పును సాధించి, 1834లో స్టుట్‌గార్టున కూడిన విద్వత్సభచేత ఆ సంఖ్యను ఒప్పించెను. గోబెల్సు పుట్టినది 1897లో. పుట్టుటకు అరువది మూడేండ్లు ముందుగనే కుట్ర పన్నగల ప్రజ్ఞ ఆయనకున్నచో, యుద్ధమున ఓడిపోయియుండడు.

ఇక ప్రాచీనుల సంగతి. ఐరోపాలో పూర్వము ఊరికొక శ్రుతి, గుడికొక శ్రుతి. హాండెలుదని చెప్పు శ్రుతిదండము 422.5 పలుకును. ఈ గందరగోళము భరింపలేక ఫ్రెంచి ప్రభుత్వము రొసీనీ, బెర్లియోజు మొదలగు సంగీతకర్తలను భౌతికశాస్త్రజ్ఞుల సరసన కూర్చుండబెట్టి 1859లో 435ను శాసనము చేసెను. ఆపెరా రచయిత వెర్డీ 1884లో 432కు సమ్మతించినమాట నిజమే. అయితే వాద్యబృందములవారు ధ్వని జిగేలుమనుటకై శ్రుతిని పైకి పైకి లాగుచు గాయకుల గొంతులను చీల్చుచున్నారన్నది ఆయన కాలమున సంగీతలోకము మొరపెట్టుకొన్న బాధ. అది గొంతుల బాగోగులు తెలిసిన పెద్దమనిషి పలుకవలసిన మాట. ఆయన గ్రహములను సాక్ష్యమునకు పిలువలేదు. నేటి భక్తులు ఆయన సంఖ్యను పుచ్చుకొని కారణమును పారవేసిరి.

1939 మే నెలలో లండను సభ 440ని నిలిపిన వృత్తాంతము వినినచో కుట్రాన్వేషకుల కన్నులు చెమర్చును. ఇంగ్లండున అప్పటికి 439 వాడుకలో నున్నది. బీబీసీ రేడియోవారు శ్రుతి పంపుటకు సెకండునకు పది లక్షలసార్లు కంపించు స్ఫటికమును వాడుచుండిరి. పది లక్షలను వెయ్యిచేత భాగించి, పదునొకండుచేత గుణించి, ఇరువదియైదుచేత భాగించిన 440 చక్కగా వచ్చును. 439 ప్రధానసంఖ్య; ఏ చిన్న సంఖ్యలతో ఎట్లు తిప్పినను అది చిక్కదు. మానవజాతికి పిచ్చెక్కించిన మహాకుట్రలో ఇంజనీరుల పాలు ఇది: ఒక సంఖ్య భాగహారమునకు లొంగకపోవుట.

అంకెల గారడీలో ఈ మతస్థులకు సాటి లేదు. సూర్యుని వ్యాసార్ధము సుమారు 4,32,000 మైళ్లు, చంద్రుని వ్యాసము 2,160 మైళ్లు, అనగా 432కు సరిగా ఐదు రెట్లు, చూచితిరా ఈశ్వరసంకల్పము అందురు. ఈశ్వరుడు ఇంగ్లీషు మైళ్లలో కొలిచెనా? కిలోమీటరులలో సూర్యుని వ్యాసార్ధము 6,95,000 దాటును; మహిమ మాయము. కంపనములను సెకండునకు లెక్కించుటయును అట్టిదే. సెకండు మనుష్యుడు దినమును 86,400 ముక్కలు చేయగా పుట్టినది. మన పెద్దలు దినమును అరువది ఘడియలుగను, ఘడియను అరువది విఘడియలుగను పంచిరి. విఘడియకు ఇరువదినాలుగు సెకండ్లు. ఆ లెక్కన విశ్వనాదము విఘడియకు 10,368 కంపనములు. ఈ సంఖ్యను పలికి ఎవనికైనను ఒడలు పులకరించునా? పైగా హెర్ట్జు మహాశయుడు పుట్టినది త్యాగరాజస్వామి సిద్ధిపొందిన పదేండ్లకు. స్వామి ఆయన కొలతకై ఆగలేదు, పాడుకొనిపోయెను.

మనదేశమున ఈ మతమును దిగుమతి చేసికొన్నవారు సొంత తెలివి కొంత జోడించిరి. కలియుగము 4,32,000 సంవత్సరములట, కావున 432 వేదప్రమాణమట. లెక్క సరియే, పురాణములు చెప్పినదే. కాని ఆర్యులారా, అది కలి ఆయుర్దాయము! ధర్మము ఒంటికాలిపై కుంటు యుగము, అల్లుడు మామను తన్ను యుగము, ఈ యుగము. దాని సంఖ్యను చెవిలో పోసికొని శాంతి కోరుట ఏ జ్యోతిష్కుడు విధించిన పరిహారమో విచారింపవలసియున్నది.

భూమి గుండె ఎనిమిది కంపనములతో కొట్టుకొనుచున్నదనియు, 432 ఎనిమిదికి గుణిజమనియు మరియొక వాదము. 440 మాత్రము ఏమి పాపము చేసినది? అదియును ఎనిమిదికి గుణిజమే, యేబదియైదు రెట్లు. పోనీ, భౌతికశాస్త్రజ్ఞుడగు షూమన్ 1952లో చెప్పిన ఆ భూస్పందనము సుమారు 7.83, ఎనిమిది కాదు. అది విద్యుదయస్కాంత తరంగము, శబ్దమే కాదు, ఏ చెవికిని వినబడదు.

మన సంగీతమునకు ఈ జబ్బు ఎన్నడును లేదు. షడ్జము గాయకుని గొంతెక్కడ సుఖముగా నిలుచునో అక్కడ. పురుషులు ఒకటి శ్రుతిలోనో రెండు శ్రుతిలోనో, స్త్రీలు ఐదు, ఐదున్నరలలోనో తంబుర మీటించుకొని పాడుదురు. ఆ 'ఏ' స్వరము ఎక్కడ పడినను పట్టించుకొనువాడు లేడు. ఒకటి శ్రుతిలో సరళీవరుసలు పాడు పిల్లవాని నోట అది రానేరాదు, ఏలననగా మాయామాళవగౌళలో ఉన్నది శుద్ధధైవతము. 'ఏ' ఆ మెట్టున చతుశ్శ్రుతిధైవతమగును. ఈ బాలుడు 440వలన చెడునో 432వలన బాగుపడునో గురువులు సెలవియ్యవలెను. పద్యనాటకములందు శ్రీకృష్ణవేషధారి గొంతు రెండవ రంగమునాటికి బొంగురుపోయినచో, హార్మనిస్టు వైపు ఒక చూపు విసరును. ఆయన మారుమాటాడక ఒక మెట్టు దించును. అది మన భక్తులు దిగు దూరమునకు మూడింతలు. ఎనిమిదికే మోక్షము వచ్చునెడల ఆ నాటకము చూచు జనమంతయు సమాధిలోనికి పోవలెను. పోవుటకు మారుగా వన్స్‌మోరులతో తెల్లవారుదాక గొడవచేయుదురు.

పాత పాటలను '432లోనికి మార్చి' అమ్ము విద్య యొకటి బయలుదేరినది. పద్ధతి యిది: ఎక్కడనో దొరికిన ఘంటసాల పాటను కంప్యూటరులోని ధ్వని సాఫ్ట్‌వేరులో తెరచి, వేగమును నూటికి రెండుపాళ్లకు కొంచెము లోపుగా తగ్గించి, భద్రపరచుట, అరనిమిషపు పని. ఐదు నిమిషముల పాట ఐదున్నర సెకండ్లు పొడవగును, వయొలినులు కొంచెము మబ్బుపట్టును. కాని ఆ పాట మొదట 440లో నున్నదని ఎవరు చెప్పిరి? టేపుయంత్రము ఒక వేగమున, గ్రామఫోను ఒక వేగమున, దానిని ఇంటియొద్ద కాపీ తీసినవాని యంత్రము మరియొక వేగమున తిరిగియుండును. ఎక్కడినుండి బయలుదేరినదో తెలియని దానిని ఎనిమిది కంపనములు దించి గమ్యము చేరితిమనుట ఈ విద్యలోని విశేషము. ఏ భక్తుడును శ్రుతి మాపకమును పెట్టి చూడడు. శీర్షికయందు సంఖ్య కనబడినదా, ఉపశమనము ఆరంభమైనదే.

ఇంతలో మతమున చీలిక. 528 హెర్ట్జు అసలైన దైవనాదమనియు, అది డీఎన్‌ఏను మరమ్మతు చేయుననియు రెండవ శాఖ. ఈ సంఖ్యను బైబిలులోని ఒక అధ్యాయపు వాక్యసంఖ్యల అంకెలను కూడి కూడి తీసిరి. వాక్యములకు సంఖ్యలు వేసినవారు గ్రంథము పుట్టిన ఎన్నియో శతాబ్దుల తరువాతివారు, వారికి కంపనముల గొడవయే తెలియదు. 528 'సీ' స్వరముగా రావలెనన్న 'ఏ' 444 కావలెను. అనగా లోకమున్న మెట్టునుండి ఒక గురువు ఎనిమిది దిగుమనును, రెండవ గురువు నాలుగు ఎక్కుమనును. శైవవైష్ణవులు ఇంతకంటె తక్కువ భేదమునకు తలలు పగులగొట్టుకొనిరి. వీరు మాత్రము ఒకే దుకాణమున సరకు దించుకొని, '432 + 528' అని రెండింటిని ఒకే వీడియోలో కలిపి మ్రోగించుచున్నారు. కలిపినచో ఏమగునో చూడుడు. 432ను షడ్జమనుకొన్న, 528 సాధారణగాంధారమును దాటి అంతరగాంధారమును చేరక నడుమ నెక్కడనో వ్రేలాడును. హార్మనీ మీద దానికి మెట్టు లేదు. ఆ గాంధారమును గురువుగారి యెదుట పలికిన పిల్లవానికి మొట్టికాయ తప్పదు.